ఆపరేషన్‌కు ముందు అన్నం

"ఈ గురువారం ఆపరేషన్ లేదు. ఇంకో రెండు వారాలు ఆగుదాం" అన్నారు సర్జన్.

అప్పటికి మేం అన్నీ సర్దుకుని ఉన్నాం. నేను ఆఫీసులో సెలవు పెట్టేశాను. ఇద్దరు కజిన్స్ రక్తం ఇవ్వడానికి రెడీగా ఉన్నారు. మేనత్త కరీంనగర్ నుంచి బస్సెక్కేసింది. నాన్న కడుపులో, కింది భాగంలో గడ్డ ఉంది. క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. ముందు కీమో ఇచ్చే పద్ధతి కూడా ఉంటుందట. కానీ గడ్డ వల్ల కడుపు నుంచి పేగులోకి పోయే దారి ఇరుకవుతోంది కాబట్టి ఆపరేషనే ముందు చేయాలని అంతకుముందు వారమే చెప్పారు. ఇప్పుడు ఆగమంటున్నారు.

"క్యాన్సర్ లోపల పెట్టుకుని ఆగుడేంది సార్?" అని అమ్మ గట్టిగానే అడిగింది.

ఆయన నాన్న వైపు చూపించి, "ఈయన్ను ఇప్పుడు టేబుల్ మీద పడుకోబెడితే నేను కుట్లు వేయగలను. ఆ కుట్లు మానాలి కదమ్మా. మానడానికి ఒంట్లో సరుకు లేదు. ముందు తిండి పెట్టండి" అన్నారు.

ఆ రాత్రి లాల్‌దర్వాజలోని మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. డాక్టరుకు చేతకాక తప్పించుకుంటున్నాడని ఒకరు, ఇంకో ఆసుపత్రికి పోదామని ఇంకొకరు అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం వచ్చింది. ఆ అనుమానంతోనే చదవడం మొదలుపెట్టాను. చదివాక, ఆ రెండు వారాల్లో చూశాక అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇవి పేషెంటు పక్కన కూర్చున్న వాడి మాటలుగా చదవండి.

బిస్కెట్‌తో గడిచిన రోజులు

మా పాతబస్తీలో ఉస్మానియా బిస్కెట్ గురించి తెలియని వారుండరు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున వందేళ్లు దాటిన ఉస్మానియా ఆసుపత్రి ఉంది కదా, అక్కడి రోగుల కోసమే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఈ బిస్కెట్ తయారు చేయించారని చెప్పుకుంటారు. తేలిగ్గా అరగాలి, కాస్త శక్తి రావాలి అన్నది ఉద్దేశమట. కథ ఎంతవరకు నిజమో గానీ, అందులోని ఆలోచన మాత్రం ముచ్చటగా ఉంటుంది. రోగికి మందు ఒక్కటే సరిపోదు, తిండి కూడా కావాలి.

మా నాన్న ఆ అయిదు నెలలూ దాదాపు ఆ బిస్కెట్ మీదే బతికారు. పొద్దున చాయ్‌లో రెండు, సాయంత్రం చాయ్‌లో రెండు. మధ్యలో ఒక గ్లాసు పల్చటి రాగి జావ, నాలుగు ముద్దల పెరుగన్నం, రెండు కొబ్బరి బోండాలు. "ఆకలైతలేదురా, తింటే పైకొస్తుంది" అనేవారు. మేమూ బలవంతం చేయలేదు. వయసు పైబడింది, అరగట్లేదేమో అనుకున్నాం. ప్యాంటు వదులైతే బెల్టుకు ఇంకో బొక్క పెట్టించుకున్నారు. దాన్ని మేమెవరమూ ఒక లక్షణం అనుకోలేదు.

సర్జన్ వాయిదా వేసిన రోజు రాత్రి నేను లెక్క రాశాను. అయిదు నెలల క్రితం షుగర్ టెస్టుకు పోయినప్పుడు స్లిప్పు మీద రాసిన బరువు 64 కిలోలు. ఇప్పుడు 54. పది కిలోలు, అంటే ఉన్న బరువులో 15 శాతానికి పైనే పోయింది. రోజూ ఆయన తింటున్నది కూడా కూడితే 700 కేలరీలు దాటలేదు. ప్రోటీన్ 18 గ్రాముల దగ్గర ఆగింది.

మరి కావాల్సింది ఎంత? పెద్ద ఆపరేషన్ రోగులకు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ లెక్కన చూస్తారు. నాన్నకు 1,350 నుంచి 1,600 కేలరీలు, 65 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. కేలరీల్లో సగం, ప్రోటీన్‌లో పావు వంతే లోపలికి పోతోంది. ఆ కాగితం చూసి అమ్మ ఏమీ మాట్లాడలేదు. లేచి వంటింట్లోకి పోయింది.

1936 నాటి లెక్క

బరువు తగ్గడానికీ ఆపరేషన్‌కూ సంబంధం ఉందని కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1936లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో హైరమ్ స్టడ్లీ అనే సర్జన్ కడుపు అల్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రోగుల వివరాలు తీసి చూశారు. ఆపరేషన్‌కు ముందు 20 శాతానికి మించి బరువు తగ్గినవారిలో మూడో వంతు మంది చనిపోయారు. అంతకన్నా తక్కువ తగ్గినవారిలో చనిపోయింది 3.5 శాతం మాత్రమే. వాళ్ల వయసు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ లెక్కలోకి తీసుకున్నా బరువే పెద్ద తేడాగా కనిపించింది.

ఎందుకలా? కడుపులోనో పేగులోనో గడ్డను కోసి తీశాక మిగిలిన రెండు కొసల్నీ కలిపి కుట్టాలి. ఆ అతుకు మానాలంటే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా తయారవ్వాలి. ముడిసరుకు లేకపోతే అతుకు లీకయ్యే ప్రమాదం పెరుగుతుంది. పేగులోది పొట్టలోకి కారితే మళ్లీ ఆపరేషన్, ఐసీయూ, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలకూ ప్రోటీనే కావాలి. ఇంకోటి మనం అస్సలు ఆలోచించనిది: దగ్గడానికి, గట్టిగా ఊపిరి పీల్చడానికి కూడా కండరాలే కావాలి. కండ కరిగిపోయిన మనిషి ఆపరేషన్ తర్వాత గట్టిగా దగ్గలేడు. కఫం లోపలే ఉండిపోయి న్యుమోనియా వస్తుంది.

పైగా ఆపరేషన్ అంటే ఒంటికి అదొక పెద్ద దెబ్బ. ఆ దెబ్బకు శరీరం తన కండనే కరిగించి వాడుకుంటుంది. బ్యాంకులో డబ్బున్నవాడికి ఆ ఖర్చు తట్టుకోవచ్చు. ఖాతా ఖాళీ అయినవాడి పరిస్థితి వేరు.

అందుకే యూరప్ పోషకాహార వైద్యుల సంఘం ఎస్పెన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి. ఆరు నెలల్లో 10–15 శాతానికి మించి బరువు తగ్గినా, బీఎంఐ 18.5 కంటే తక్కువున్నా, రక్తంలో అల్బుమిన్ 3 కంటే తక్కువున్నా పోషకాహార ముప్పు తీవ్రంగా ఉన్నట్టే చూడాలి. అలాంటివారికి పెద్ద ఆపరేషన్‌ను 7 నుంచి 14 రోజులు వాయిదా వేసైనా ముందు పోషణ ఇవ్వాలి. క్యాన్సర్ అయినా సరే. నాన్న అల్బుమిన్ 2.8. డాక్టరు తప్పించుకోలేదు, పుస్తకంలో ఉన్నదే చేశారు.

అయితే ఇది అన్నిటికీ వర్తించదు. పేగుకు రంధ్రం పడినా, లోపల రక్తస్రావం అవుతున్నా, పేగు పూర్తిగా మూసుకుపోయినా ఆగడానికి టైముండదు. అప్పుడు ఆపరేషనే ముందు.

"పప్పు తింటే చీము పడ్తదంట"

మర్నాడు డైటీషియన్ దగ్గర అమ్మ మొదట అడిగిన ప్రశ్న ఇదే. మేనత్త దానికి ఇంకా కలిపింది. గుడ్డు వేడి, పెరుగు జలుబు, మాంసం అరగదు. ఆపరేషన్ ఉన్న మనిషికి పథ్యమే మంచిదని మన ఇళ్లల్లో తరతరాల నమ్మకం. ఆ పథ్యంలో చివరికి మిగిలేది చారన్నం, జావ, కొబ్బరి నీళ్లు.

ఆ డైటీషియన్ ఓపికగా చెప్పింది. "చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. ఆ క్రిములతో కొట్లాడేది మీరు ఆపేస్తున్న పప్పే" అంది. గ్లాసు కొబ్బరి నీళ్లలో యాభై కేలరీలు కూడా ఉండవు, ప్రోటీన్ దాదాపు సున్నా. ఒక గుడ్డులో 6 గ్రాములు. అరలీటరు పాలల్లో 16 గ్రాములు. వెన్న తీసిన పాలపొడి 100 గ్రాముల్లో 35 గ్రాముల దాకా ఉంటుంది. నాన్నది ఇరుకైన దారి కాబట్టి గట్టి పదార్థం పోదు. పల్చగా ఉండాలి గానీ బలంగా ఉండాలి. అసలు చిక్కంతా అక్కడే.

దానికి ఆమె చెప్పిన చిట్కాలు ఇవి. పాలల్లో రెండు చెంచాల పాలపొడి కలిపితే గ్లాసు పరిమాణం పెరగదు, ప్రోటీన్ పెరుగుతుంది. రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి పట్టిస్తే జావ చిక్కబడదు. మొలకెత్తేటప్పుడు పుట్టే ఎంజైమ్ పిండి పదార్థాన్ని విరగ్గొడుతుంది. మామూలు పిండి రెండు చెంచాలకే ముద్దయ్యే చోట ఇది ఇంకాస్త ఎక్కువ వేసినా తాగేలా ఉంటుంది. మెత్తగా ఉడికిన పప్పును మిక్సీలో వేసి వడకట్టాలి. రోజుకు మూడుసార్లు కాదు, రెండు గంటలకోసారి అరగ్లాసు ఇవ్వాలి.

మా పక్కింటి ఖాలా విషయం కూడా చెప్పాలి. నాన్నకు బాగాలేదని తెలిసినప్పటి నుంచి ఆమె రోజూ టిఫిన్ డబ్బాలో మటన్ యఖ్నీ పంపేది. ఆ నీళ్లు బలమని మేమూ అనుకున్నాం. కానీ బలమంతా ముక్కలోనే ఉంటుందట, నీళ్లలోకి దిగేది చాలా కొంచెం. ఈ సంగతి చెబితే ఖాలా నవ్వేసింది. మర్నాటి నుంచి ముక్కను మెత్తగా ఉడికించి, అందులోనే రుబ్బి, వడకట్టి పంపింది. ఆలోచిస్తే మన హలీమ్ కూడా అంతే కదా! గోధుమలు, పప్పు, మాంసం కలిపి గంటల తరబడి నూరితే నమలాల్సిన పనే లేని బలమైన తిండి. మసాలా, నెయ్యి తగ్గిస్తే అది రోగి భోజనమే.

తార్నాకలో పుట్టిన పొడి

హైదరాబాద్ వాళ్లం ఇంకో విషయం మర్చిపోతాం. దేశానికి పోషకాహార పాఠాలు చెప్పే జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది. బక్కచిక్కిన పిల్లల కోసం ఆ సంస్థ తయారు చేసిన పొడికి 'హైదరాబాద్ మిక్స్' అని మన ఊరి పేరే పెట్టారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల్లో 330 కేలరీలు, 11 గ్రాముల పైన ప్రోటీన్.

అది పిల్లల కోసం చేసింది, ఆపరేషన్ పేషెంట్ల కోసం కాదు. అందులో నేర్చుకోవాల్సింది లెక్క. తృణధాన్యం, పప్పు, నూనెగింజ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. పెద్ద డబ్బా ప్రోటీన్ పౌడర్ కొనలేని ఇంట్లో కూడా దినుసులు ఉంటాయి. ఆసుపత్రిలో రాసే పౌడర్లు మంచివే, కొలత కచ్చితంగా ఉంటుంది. కానీ డబ్బా ధర చూసి మానేసే బదులు, "ఇంట్లో దేంతో సరిపెట్టొచ్చు?" అని డైటీషియన్‌ను అడగడం మేలు. షుగర్, కిడ్నీ, లివర్ జబ్బులున్నవారికి ఈ లెక్కలు మారతాయి కాబట్టి అడగకుండా మాత్రం చేయొద్దు.

ముక్కులోంచి పైపు

నాలుగు రోజులు గట్టిగా ప్రయత్నించినా 1,000 కేలరీలు, 40 గ్రాముల ప్రోటీన్ దాటలేకపోయాం. కాస్త ఎక్కువైతే వాంతి. అయిదో రోజు డాక్టర్లు ఎండోస్కోపీ సాయంతో ముక్కులోంచి సన్నటి పైపు వేశారు. అది కడుపు దాటి, ఇరుకు దాటి, చిన్నపేగులోకి పోతుంది.

నాన్న ఆ ఒక్కరోజే ఏడ్చారు. "అంత దూరం వచ్చిందారా నా పని?" అన్నారు. మన దగ్గర ముక్కులో పైపు అంటే ఆఖరి రోజులని లెక్క. చూడ్డానికి వచ్చిన చుట్టాల మొహాలు కూడా అలాగే ఉండేవి. వాళ్లకు నేను తలుపు దగ్గరే చెప్పేవాణ్ని, "ఇది ఆపరేషన్ కోసం తయారీ, మొహం మామూలుగా పెట్టుకుని రండి" అని.

పేగు పైపులోకి ఇంటి వంట పోయకూడదు. పైపు సన్నం, మూసుకుపోతుంది. శుభ్రత తప్పితే విరేచనాలు పట్టుకుంటాయి. డబ్బా ఫార్ములానే శుభ్రమైన నీళ్లలో కలిపి, చుక్కచుక్కగా రాత్రంతా ఎక్కించాలి. ప్రతిసారీ తర్వాత నీళ్లతో కడగాలి. నాకు మూడు రాత్రుల్లో అలవాటైంది.

మొదటిరోజే ఫుల్లుగా పెడదామన్నాను. డాక్టర్ ఒప్పుకోలేదు. చాలాకాలం పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ఠక్కున పడిపోతాయి. గుండె లయ తప్పొచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధంలో శిబిరాల నుంచి విడుదలైన ఖైదీలు తిండి దొరికాక జబ్బుపడటం అప్పటి వైద్యులు గమనించారు. అందుకే ముందు బీ1 విటమిన్ ఇచ్చి, తక్కువతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచారు.

"పైపు దేనికి, సెలైన్‌లో బలం ఎక్కించొచ్చు కదా" అని మేనత్త అడిగింది. మామూలు గ్లూకోజు సెలైన్ లీటరులో ఉండేది సుమారు 170–200 కేలరీలే, ప్రోటీన్ ఉండదు. పూర్తి పోషకాలు రక్తనాళం ద్వారా ఇచ్చే పద్ధతి వేరే ఉంది. 1960ల్లో అమెరికా సర్జన్ స్టాన్లీ డుడ్రిక్ కేవలం రక్తనాళం ద్వారా పోషణ ఇచ్చి కుక్కపిల్లల్ని పెంచి చూపించాక అది మనుషులకు వచ్చింది. కానీ అది అందరికీ మంచిది కాదు. 1991లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 395 మంది మీద జరిగిన పరిశోధనలో, బాగా చిక్కిపోయినవారికి మాత్రమే దానివల్ల లాభం కనిపించింది. ఓ మోస్తరుగా తగ్గినవారికి ఇన్ఫెక్షన్లు పెరిగాయి. పేగు పనిచేస్తుంటే పేగు ద్వారానే పెట్టాలన్నది అక్కడి పాఠం.

నంబర్ కదల్లేదు, మనిషి కదిలాడు

పన్నెండో రోజు అల్బుమిన్ రిపోర్టు వచ్చింది. 2.9. ఇంత కష్టపడితే 0.1 పెరిగిందా అని నేను కూలబడిపోయాను. సర్జన్ నవ్వారు. అల్బుమిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 20 రోజులు పడుతుందట. పైగా ఒంట్లో వాపు, జబ్బు ఉంటే తిండితో సంబంధం లేకుండా కూడా తగ్గే ఉంటుంది. "కాగితం కాదు, మనిషిని చూడు" అన్నారు.

చూశాను. పైపు వేసినప్పుడు మంచం దిగడానికి చేయి అడిగిన నాన్న ఇప్పుడు సాయంత్రం సింహవాహిని అమ్మవారి గుడి దాకా నడిచి వస్తున్నారు. బరువు ఒక కిలో పెరిగింది. గొంతులో బలం వచ్చింది. "చాయ్‌లో చక్కెర తక్కువైంది" అని అమ్మ మీద కేకలేశారు. ఆ కేక విని అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఉపవాసం ఎంతసేపు?

ఆపరేషన్ ముందు రాత్రి పక్క బెడ్డు అతనితో మాట కలిసింది. అతనిది పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్. రాత్రి ఎనిమిదింటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మర్నాడు లిస్టు ఆలస్యమై మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. పందొమ్మిది గంటలు! ఎవరినీ అడగలేదా అంటే, "అడిగితే ఏమంటరో అని" అన్నాడు.

మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదాన్ని 1946లో మెండెల్సన్ అనే డాక్టర్ వివరించాక, రాత్రి నుంచే పస్తు అన్నది రివాజైపోయింది. ఇప్పటి నిబంధనలు అంత కఠినం కావు. మామూలు రోగికి గట్టి ఆహారం 6 గంటల ముందు, నీళ్ల లాంటి తేట ద్రవాలు 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లో మొదలుపెట్టిన త్వరగా కోలుకునే విధానంలో ఈ పస్తు తగ్గించడం ఒక ముఖ్యమైన భాగం. కానీ మా నాన్నలా కడుపు ఖాళీ కాని వారికి ఈ సడలింపు వర్తించదు. వాళ్లకు మత్తు డాక్టర్ చెప్పిందే వేదం. కాబట్టి సొంతంగా నిర్ణయించుకోకుండా, "మాకు ఎన్ని గంటల పస్తు? లిస్టు ఆలస్యమైతే నీళ్లివ్వొచ్చా?" అని అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు.

బోనాల ఆదివారం

ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. కడుపులో చాలా భాగం తీసేశారు. అతుకు లీక్ కాలేదు. గాయానికి చిన్న ఇన్ఫెక్షన్ వచ్చింది, వారంలో తగ్గింది. పది రోజులకు ఇంటికొచ్చాం. ఆ రెండు వారాల తిండి వల్లే బాగైందని నేను చెప్పలేను. సర్జన్ చెయ్యి మంచిది, అదృష్టమూ ఉంది. కానీ మొదటి గురువారమే పోయి ఉంటే మాత్రం ఏం జరిగేదో ఊహించుకోవడానికి కూడా నాకు భయమేస్తుంది.

నన్ను ఇప్పటికీ తొలిచేది వేరే విషయం. ఆ అయిదు నెలల్లో నాన్నను ముగ్గురు డాక్టర్లు చూశారు, మేం రోజూ చూశాం. బరువు ఎంత తగ్గిందని ఎవరమూ అడగలేదు. రోగిని వడపోసే పద్ధతుల్లో ఒకదానిలో ఉండేవి రెండే ప్రశ్నలు. అనుకోకుండా బరువు తగ్గారా? ఆకలి లేక సరిగ్గా తినట్లేదా? ఈ రెండూ అడగడానికి మెషీన్ అక్కర్లేదు. ఇంట్లో వాళ్లు కూడా అడగొచ్చు.

మీ ఇంట్లో ఎవరికైనా పొట్ట ఆపరేషన్ ఉంటే ఇవి చూసుకోండి:

• ఆరు నెలల క్రితం బరువెంత, ఇప్పుడెంత? పాత స్లిప్పులు వెతకండి. పది శాతం దాటితే సర్జన్‌కు మీరే చెప్పండి.

• మూడు రోజులు తిన్నదంతా కాగితం మీద రాసి డైటీషియన్‌కు చూపించండి.

• గుడ్డు, పప్పు, పాలు, పెరుగు పథ్యం పేరుతో ఆపే ముందు డాక్టర్‌ను అడగండి.

• రోజూ కాస్త నడిపించండి. తిండి ఒక్కటే కండ కాదు, కదలిక కూడా కావాలి.

• డాక్టర్ వాయిదా వేస్తే ఎందుకని అడగండి. "తిండి కోసం" అంటే మాత్రం కోప్పడకండి.

మేం ఇంటికొచ్చిన మూడో రోజు లాల్‌దర్వాజ బోనాలు. గల్లీ అంతా డప్పులు, పోతరాజుల కేకలు. అమ్మ బోనంలోంచి బెల్లమన్నం తెచ్చింది. కడుపు తీసినవారికి తీపి ఒక్కసారిగా ఎక్కువ పెడితే కళ్లు తిరుగుతాయని డైటీషియన్ ముందే చెప్పింది. అందుకే ఒక్క చెంచా పెట్టింది. నాన్న దాన్ని చాలాసేపు నమిలారు. తర్వాత, "ఇంకో చెంచా ఎప్పుడు పెడ్తవ్?" అని అడిగారు.

"రెండు గంటలాగు" అంది అమ్మ, గోడ మీద గడియారం చూస్తూ.